కావేరిలో విగ్రహాలు: ఒక జీవితకథా చిత్రానికి పనిచేసిన అనుభవం

త్యాగరాజస్వామి జీవితం మీద సినిమా తీయబోతున్నామనీ, పరిశోధనకూ భాషకూ సహకరించే మనిషి ఒకరు కావాలనీ ఆ యువ దర్శకుడు మా ఇంటికి వచ్చేనాటికే ఆయన చేతిలో వన్‌లైన్ సిద్ధంగా ఉంది. సినిమావాళ్ళ పరిభాషలో వన్‌లైన్ అంటే సన్నివేశానికి ఒక వాక్యం చొప్పున కథ మొత్తాన్ని వరుసగా రాసుకున్న పట్టిక. అందులో 64 సన్నివేశాలు, 23 కీర్తనలు ఉన్నాయి. నాలుగు కాగితాలు తిప్పేసరికే నాకు అర్థమైన విషయం ఏమిటంటే, ప్రతి కీర్తనకూ ముందు ఒక సంఘటనను కూర్చి పెట్టారు. అన్నగారు పూజా విగ్రహాలను కావేరిలో పడవేస్తారు, స్వామి "నేనెందు వెదకుదురా" అని పాడతారు. విగ్రహాలు ఇసుకలో బయటపడతాయి, "కనుగొంటిని" అని పాడతారు. రాజుగారి కానుకలు గుమ్మంలోకి వస్తాయి, "నిధి చాల సుఖమా" అని పాడతారు. తిరుపతిలో అర్చకులు తెర వేస్తారు, "తెర తీయగరాదా" అని పాడతారు.

హరికథల్లో, పాఠ్యపుస్తకాల్లో, 1946లో నాగయ్యగారు, 1981లో సోమయాజులుగారు త్యాగయ్యలుగా కనిపించిన సినిమాల్లో మన తరాలవాళ్ళు చూసిన వరుస ఇంచుమించు ఇదే కనుక, దర్శకుణ్ణి తప్పుపట్టడానికి ఏమీ లేదు. నేను కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పి ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. చిన్నతనంలో ఏడేళ్ళు సంగీతం నేర్చుకుని, గొంతు మారాక మానేసినవాణ్ణి. నాకు తెలిసింది కీర్తనల సాహిత్యం. కాబట్టి మొదటి పనిగా ఆ 23 కీర్తనలనూ వరుసగా రాసి, ఒక్కొక్కదాని ఎదుట రెండు గళ్ళు గీశాను. వన్‌లైన్‌లో చెప్పిన సంఘటన ఒక గడిలో, ఆ సంఘటన గురించి కీర్తనలోనే ఉన్న మాటలు రెండో గడిలో. మూడు వారాల తరువాత చూసుకుంటే రెండో గడి చాలా వరకు ఖాళీగానే మిగిలింది.

తెర సంగతే చూడండి. గౌళిపంతు రాగంలోని ఆ కీర్తన పల్లవి "తెర తీయగరాదా లోని తిరుపతి వేంకటరమణ మత్సరమను తెర" అని సాగుతుంది. తెర అంటే మత్సరమని ఆయనే విప్పి చెప్పారు. ఆ తెర ఉన్నది కూడా "లోని" చోట, అంటే మనసులో. అటువంటి రూపకాన్ని తీసుకుని, నిజంగానే గర్భగుడికి అడ్డంగా ఒక గుడ్డ తెర కట్టి, అది పాట ముగిసేసరికి దానంతట అదే తొలగిపోయినట్టు చూపిస్తే, సాహిత్యంలో ఉన్న గొప్పదనం కాస్తా తాడుకూ గుడ్డకూ దిగిపోతుంది. తిరుపతి యాత్ర ఆయన చేసి ఉండవచ్చు, అక్కడ దర్శనానికి ఆటంకం కలిగి ఉండవచ్చు, దానిమీద నాకు తగవు లేదు. పాటలో ఉన్న తెర ఆ తెర కాదన్నదే నా మాట.

"నిధి చాల సుఖమా" విషయంలో నా అభ్యంతరం ఇంకా ఎక్కువ. వన్‌లైన్‌లో తంజావూరు శరభోజి మహారాజు పళ్ళేల నిండా వరహాలు పంపుతాడు, స్వామి వాటివైపు చూడకుండా రాజోద్యోగులకు ఎదురుగా నిలబడి కళ్యాణి రాగం ఎత్తుకుంటారు. కీర్తన ఎవరితో మాట్లాడుతున్నదో చూస్తే "నిజముగ బల్కు మనసా" అని ఉంది. రాజుతో కాదు, రాజోద్యోగితో కాదు, తన మనసుతోనే ఆ వాదన. చరణంలో "నరస్తుతి సుఖమా" అన్నచోట మనుషులను పొగడడం ప్రసక్తికి వస్తుంది గనుక రాజాస్థానం నీడ దానిమీద పడి ఉండవచ్చు. అయినా ఇద్దరు భటుల ముఖాన పాడితే అది ధిక్కారం అవుతుంది. ఒంటరిగా పాడుకుంటే తనలో ఇంకా తేలని ప్రశ్న అవుతుంది. రెండో దానిలోనే నాకు మనిషి కనిపించాడు.

శరభోజి గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. మన కథల్లో ఆయన డబ్బుతో భక్తుణ్ణి కొనబోయిన గర్విష్ఠి. ఆయన 1798లో గద్దెనెక్కాడు, మరుసటి ఏటి ఒప్పందంతో రాజ్యపాలన కంపెనీవారికి పోయింది, ఆయనకు కోట, బిరుదు, భత్యం మిగిలాయి. 1832లో చనిపోయేదాకా ఆయన చేతిలో ఉన్న పని పుస్తకాలు సేకరించడం, వైద్యం, సంగీతం, చదువు. సరస్వతీ మహలు గ్రంథాలయం ఈనాడు ఆ రూపంలో ఉన్నదంటే అందులో ఆయన పాలు పెద్దది. రాజ్యం పోగొట్టుకున్న రాజు ఒక గాయకుణ్ణి ఆస్థానానికి పిలవడంలో గర్వం కంటె ఒంటరితనం ఎక్కువ ఉండి ఉంటుందని నేను సిట్టింగులో అన్నప్పుడు దర్శకుడు మొదటిసారి కలం తీసి రాసుకున్నాడు. ఆ పాత్రకు చివరికి మిగిలింది ఒక్క సన్నివేశమే అయినా, అందులో కిరీటం లేదు, పళ్ళేలు లేవు.

అన్నగారి విషయంలో మాత్రం సిట్టింగులు నెలల తరబడి సాగాయి. జపేశుడనే పేరుతో కథల్లో వచ్చే ఆ అన్నగారు లేకపోతే సినిమాకు ప్రతినాయకుడు లేడు. దర్శకుడు నన్ను సూటిగానే అడిగాడు: "మాస్టారూ, ఒక మనిషి తన ఇంట్లో కూర్చుని పాడుకుంటూ ఉంటే జనం రెండు గంటలసేపు ఎందుకు చూస్తారు?" ఆ ప్రశ్నకు నాలుగు నెలల దాకా నా దగ్గర సమాధానం లేదు. పైగా ఈసారి నా రెండో గడి కూడా పూర్తిగా ఖాళీ కాదు. కాపి రాగంలోని "అన్యాయము సేయకురా" కీర్తన చివర "పూర్వజు బాధ" అన్న మాట ఉంది, పూర్వజుడంటే అన్నగారే. మధ్యమావతిలో "నాదుపై పలికేరు నరులు" అని జనం తన మీద వేసే నిందల గురించి ఒక కీర్తనే ఉంది. అంటే ఇంట్లో ఏదో పోరు ఉన్నది నిజం. ఆ పోరు విగ్రహాలను ఏట్లో పడవేసేదాకా వెళ్ళిందని ఈ మాటలు చెప్పవు. "నేనెందు వెదకుదురా" అన్న కీర్తనను చదివితే, కనిపించని దేవుణ్ణి వెదుక్కోవడం ఏ భక్తుడికైనా ఉన్నదే అనిపిస్తుంది. విగ్రహం పోతే తప్ప పుట్టకూడని పాటగా అది నాకు కనిపించలేదు.

కథలన్నిటినీ కొట్టిపారేశానని అనుకోవద్దు. సహానలోని "గిరిపై నెలకొన్న రాముని" కీర్తనలో "పది పూటలపై" కాపాడతానన్న మాట రాముడి నోట విన్నట్టు ఆయనే పాడారు. 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు ఆయన దేహం చాలించడానికి ముందు సన్న్యాసం పుచ్చుకోవడం, శిష్యులకు ముందే చెప్పడం అనే కథకు ఆ కీర్తన గట్టిగా నిలబడి ఉంది. అక్కడ నేను ఒక్క అక్షరం మార్చమనలేదు. ఆ సన్నివేశం ఎంత నెమ్మదిగా తీస్తే అంత మంచిదని మాత్రం చెప్పాను.

ఇక వినికిడి సంగతి. సంగీత దర్శకుడు మొదట తెచ్చిన నమూనాలో తెల్లవారుజామున పూజగదిలో స్వామి పాడుతూ ఉంటే వెనుక వయొలిన్ వినిపించింది, ఆ వెనుక హార్మోనియం కూడా ఉంది. హార్మోనియం మన భజన మందిరాలకు అలవాటైంది ఆయన పోయిన చాలా ఏళ్ళకు. వయొలిన్ కథ వేరు. తంజావూరు, మద్రాసు ప్రాంతాల్లో దొరల బ్యాండు మేళాల పుణ్యమా అని అది వచ్చింది. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని మన సంగీతానికి మలచుకున్నది స్వామి జీవితకాలంలోనే. కాబట్టి కోటలో ఒక సన్నివేశంలో వయొలిన్ వినిపించవచ్చు, చూసిన జనం ఆశ్చర్యపడవచ్చు, తిరువైయారు తిరుమంజన వీధిలోని స్వామి ఇంట్లో మాత్రం తంబురా, వీణ, మృదంగం చాలునని నేను అన్నాను. సంగీత దర్శకుడు మొదట ముఖం చిట్లించినా, తరువాత ఆయనే మృదంగాన్ని కూడా చాలాచోట్ల తీసేశాడు. తంబురా మీద ఒక్క గొంతు ఎంతసేపైనా నిలుస్తుందని ఆయన కనిపెట్టుకున్నాక నేను చెప్పవలసింది ఏమీ మిగల్లేదు.

అంతకంటె చిక్కు ప్రశ్న, ఏ పాఠంతో పాడించాలన్నది. వాలాజాపేట, తిల్లైస్థానం, ఉమయాళ్పురం శిష్య పరంపరల్లో ఒకే కీర్తన వేరువేరు పోకడలు పోతుంది. "నగుమోము గనలేని" కీర్తననే తీసుకుంటే, ఈనాడు అందరూ పాడే ఆభేరిలో చతుశ్రుతి ధైవతం, అంటే పై మెట్టు "ధ" స్వరం, వినిపిస్తుంది, పాతకాలంలో శుద్ధ ధైవతంతో, అంటే కింది మెట్టు "ధ"తో, పాడేవారు. శుద్ధ ధైవతంతో పాడిస్తే థియేటరులో సగంమంది గాయకుడికి స్వరం తప్పిందనుకుంటారు, చతుశ్రుతితో పాడిస్తే మిగిలిన నలుగురు మాకు చరిత్ర తెలియదంటారు. నేను ఆ నలుగురి పక్షాన వాదించి ఓడిపోయాను. గాయకుడు ఆరోజు రికార్డింగు అయ్యాక నా కోసం పాత పాఠంతో ఒకసారి పల్లవి పాడి వినిపించాడు. అది ఏ ట్రాక్‌లోనూ లేదు.

నిడివితో ఇంకొక బాధ. నిండు కీర్తన పాడితే ఏడెనిమిది నిమిషాలు. సినిమాకు దొరికేది రెండు నిమిషాలు. అనుపల్లవి తీసేద్దామా, చరణం తీసేద్దామా అని ఎడిటరు అడుగుతాడు. చరణం పోతే "త్యాగరాజ" ముద్ర పోతుంది, అనుపల్లవి పోతే సాధారణంగా అర్థం కుంటుతుంది. చివరికి 23 కీర్తనలను 11కు తగ్గించి, వాటిలో మూడింటిని పూర్తిగా ఉంచి, మిగిలినవాటిని పల్లవులతోనే ఆపాము. సగం సగం కోసిన ఇరవై పాటల కంటె ఇదే మేలని ఈనాటికీ అనుకుంటాను.

సంభాషణలు రాయడానికి వేరే రచయిత ఉన్నా, భాష ఎలా ఉండాలన్న నిర్ణయం నామీద పెట్టారు. మొదటి ప్రతిలో స్వామి పోతన పద్యాల్లాగ మాట్లాడేవారు. తంజావూరు సీమలో తెలుగు అంతకు రెండు వందల ఏళ్ళకు పైబడి నాయకరాజుల కాలం నుంచి పాతుకుపోయిన భాష, 1670ల్లో వచ్చిన మరాఠా ప్రభువులు కూడా దానిని పోషించారు. స్వామి ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, కోటలో మరాఠీ, సదస్సులో సంస్కృతం. ఆయన తెలుగు ఎలా ఉండేదో వినాలంటే కీర్తనల ఎత్తుగడలే మనకు దొరికిన టేపు రికార్డరు. "బాగాయెనయ్య నీ మాయలెంతో", "తప్పి బ్రతికి పోవ తరమా", "అడిగి సుఖములెవ్వ రనుభవించిరిరా", "ఎటుల బ్రోతువో తెలియ", "చలమేలరా"! వీటిలో ఏ ఒక్కటీ ప్రబంధం నుంచి వచ్చిన మాట కాదు. ఇంటి అరుగుమీద, కొంత ఎత్తిపొడుపుతో, కొంత గారంతో అన్న మాటలు. నేను ఇటువంటి పలుకులు రెండు వందలకు పైగా ఏరి రచయితకు ఇచ్చాను, స్వామి పాత్ర ఆ వాక్యాల పొడవును మించి మాట్లాడకూడదని ఒక నియమం పెట్టుకున్నాము. వీధి సన్నివేశాలను అరవంలోనే ఉంచి కింద తెలుగు అక్షరాలు వేద్దామన్న మాటను నిర్మాతకు ఒప్పించడానికి మాత్రం దర్శకుడు చాలా పాట్లు పడ్డాడు.

కళా దర్శకుడితో నా పని తొందరగానే తేలిపోయింది. మంగుళూరు పెంకుల ఇళ్ళు ఫ్రేములోకి రాకూడదు, ఎందుకంటే ఆ పెంకుల కార్ఖానా మొదలైంది 1865లో. దీపం వెలిగించడానికి అగ్గిపెట్టె పనికిరాదు. శిష్యులు రాసేది తాటాకు మీద, ఘంటంతో. ఇందులో ఒక చిన్న సంగతి అందరినీ ఆలోచనలో పెట్టింది: పాట సాగే వేగానికి ఘంటం సాగదు. గురువు పాడుతుండగా శిష్యుడు గబగబా రాసుకుంటున్నట్టు సినిమాల్లో చూపించేది జరగని పని. ముందు పాట నోటికి రావాలి, ఆ తరువాతే ఆకుమీదకు ఎక్కాలి. వాలాజాపేట వేంకటరమణ భాగవతులు వంటి శిష్యులు రాసి పెట్టిన తాటాకు ప్రతులు మనకు దక్కాయంటే, దాని వెనుక ఎన్ని గంటల వల్లెవేత ఉన్నదో ఆరోజు లెక్కవేసుకున్నాము. స్వామి నుదుటి మీద ఏ బొట్టు పెట్టాలన్న దానిమీద మాత్రం ఒక పూటంతా గడిచింది, దాని గురించి ఇక్కడ రాస్తే ఇంకొక పూట గడుస్తుంది.

ఆ వల్లెవేత ముచ్చటే నాకు దర్శకుడి ప్రశ్నకు సమాధానం ఇచ్చింది. మనిషి కూర్చుని పాడుతుంటే జనం ఎందుకు చూస్తారంటే, పాట తయారవుతూ ఉంటే చూస్తారు. అప్పటిదాకా వన్‌లైన్‌లో ప్రతి కీర్తనా పూర్తిగా తయారై ఆకాశం నుంచి ఊడిపడుతున్నది. స్వామి చేసిన పనుల్లో పెద్దది సంగతులను పెంచడం. ఒకే పంక్తిని తీసుకుని, మాట మారకుండా, రాగం ఒక్కొక్క మెట్టు తెరుచుకునేలా మళ్ళీ మళ్ళీ అనడం. ఆ పని ఒక ఉదయమంతా జరుగుతుంటే చూపిద్దామని, ఖరహరప్రియలోని "చక్కని రాజమార్గములుండగ సందుల దూరనేల ఓ మనసా" పల్లవిని తీసుకుని నేనే ఒక సన్నివేశం రాసి ఇచ్చాను. అదే 31వ సన్నివేశం.

అందులో జరిగేది చాలా తక్కువ. స్వామి పల్లవి అంటారు, ఆగుతారు, మళ్ళీ అంటారు. కూతురు సీతాలక్ష్మి పూలు తెచ్చి పెట్టి పోతుంది. ఇద్దరు శిష్యులు తాళం వేస్తూ ఉంటారు. అన్నగారు ధాన్యం లెక్క అడగడానికి గుమ్మం దాకా వచ్చి, సంగతి పూర్తయ్యేదాకా నిలబడతారు. పూర్తికాదు, ఇంకొక సంగతి మొదలవుతుంది. "సందుల దూరనేల" అన్న మాట ఐదోసారి వినిపించేసరికి, అది తన గురించేనేమో అన్న అనుమానం ఆయన ముఖంలో కదులుతుంది. ఏమీ అనకుండా వెనుదిరుగుతారు. స్వామి ఆయన వచ్చినట్టే గమనించరు. పోరు అంతా అందులోనే ఉంది, ఎవరూ చెడ్డవాళ్ళు కారు. దర్శకుడు అది చదివి, విగ్రహాల సన్నివేశం పక్కన పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం పెట్టాడు.

షూటింగులో నా కుర్చీ మానిటరు పక్కన. పాటలు ముందే రికార్డు చేసి ఉంటాయి గనుక నటుడు పెదవులు కలిపితే సరిపోతుందని బయటివాళ్ళు అనుకుంటారు. పెదవులు కలపడం మూడు రోజుల్లో వచ్చింది. చెయ్యి కలపడానికి రెండు నెలలు పట్టింది. ఆదితాళం ఎనిమిది అక్షరాలు: ఒక దెబ్బ, చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు, తరువాత దెబ్బా విసురూ, మళ్ళీ దెబ్బా విసురూ. సంగీతం వచ్చినవాళ్ళకు ఇది ఊపిరి తీసినంత సులభం. రానివాళ్ళకు పాట అక్షరాలూ ముఖంలో భావమూ వేళ్ళ లెక్కా ఒక్కసారే సాగాలంటే ఏదో ఒకటి జారిపోతుంది. మా నటుడు రంగస్థలం నుంచి వచ్చినవాడు, పట్టుదల గలవాడు. భోజనం చేస్తూ ఎడమచేత్తో తొడమీద తాళం వేసుకునేవాడు. "గురువుగారూ, నిద్రలో కూడా వేళ్ళు కదులుతున్నాయని మా ఇంట్లో భయపడుతున్నారు" అని ఒకరోజు చెప్పాడు.

ఇంత కష్టపడి సాధించిన తాళం ఎడిటింగు గదిలో చెడిపోయింది. ఎడిటరు ముఖం బాగున్న ముక్కలను ఏరి, దూరపు షాట్‌కూ దగ్గరి షాట్‌కూ మధ్య కోత పెడతాడు. ఆ కోతలో పాట ఆగదు, చెయ్యి మాత్రం చిటికెనవేలు మీద నుంచి ఒక్కసారిగా విసురులోకి దూకుతుంది. నేను వేలు పెట్టి చూపిస్తే మొదట ఎవరికీ కనిపించలేదు. ఒకసారి కనిపించాక ఇక ఆ ఎడిటరుకు అది తప్ప వేరే ఏదీ కనిపించలేదు. పాపం, రెండు పాటలను మొదటి నుంచీ మళ్ళీ కూర్చాడు, ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, ముగిసేచోట తప్ప ఎక్కడా కత్తెర పెట్టకుండా. ఆశ్చర్యం ఏమిటంటే, అలా చేసినందువల్ల షాట్‌లు పొడవయ్యాయి, దృశ్యాలకు ఒక నిదానం వచ్చింది. 31వ సన్నివేశం మొత్తం నాలుగు నిమిషాల ఇరవై సెకన్లలో కోతలు ఐదే.

కావేరి దగ్గర చేసిన షెడ్యూలు గురించి చెప్పాలి. స్వామి "సారి వెడలిన ఈ కావేరి" అని అసావేరిలో పాడిన నది ఒకచోట గర్జిస్తుంది, ఒకచోట నిండు కరుణతో నడుస్తుంది. మేము తిరువైయారు చేరింది ఫిబ్రవరి మొదటి వారంలో. 1934లో మేట్టూరు ఆనకట్ట వచ్చాక కావేరి నీటికి వేళలు ఏర్పడ్డాయి; వాడుక ప్రకారం జూన్ 12న వదిలి జనవరి 28న కట్టేస్తారు. మా కాల్‌షీట్లు కుదిరేసరికి నీళ్ళు కట్టేశారు. స్వామి సమాధి వెనుక మెట్లు దిగితే విశాలమైన ఇసుక, మధ్యలో మోకాలి లోతు పాయ. స్వామి కాలంలో మేట్టూరు లేదు గాని, నదిని కట్టే ప్రయత్నాలు అప్పటికే మొదలయ్యాయి. 1836-38 మధ్య తిరుచిరాపల్లికి ఎగువన కావేరి పాయ అయిన కొల్లిడం మొదట్లో ఆనకట్ట కట్టించినవాడు మన కాటన్ దొరే. ఆ దొరే ధవళేశ్వరం పని మొదలుపెట్టిన 1847లోనే స్వామి పోయారు. ఈ సంగతి చెబితే తెలుగు యూనిట్ అంతా ఒక్క క్షణం నది వంక కొత్తగా చూసింది.

దర్శకుడు అక్కడ రెండు విధాలుగా తీశాడు. ఒకరోజు సాయంత్రం అన్నగారి పాత్రధారి చేత విగ్రహాలను పాయలోకి విసిరించాడు, పూర్తి ఆవేశంతో, మూడు టేకులు. ఆ దృశ్యం బాగానే వచ్చిందని ఒప్పుకోక తప్పదు. చూస్తున్న ఊరివాళ్ళలో ఒక ముసలావిడ నటుణ్ణి నిజంగానే తిట్టింది. మరునాడు తెల్లవారుజామున విసరడం లేకుండా, స్వామి ఇసుకలో నడుస్తూ "నేనెందు వెదకుదురా" అని పాడుకుంటూ వెళ్ళడం, దూరంగా గట్టుమీద అన్నగారు చేతిలో చెంబుతో స్నానానికి వచ్చి ఆగి చూడడం, అంతే తీశాడు. నీళ్ళు లేకపోవడం ఆ రెండోదానికి కలిసొచ్చింది. అంత ఖాళీ ఇసుకలో ఒక మనిషి దేన్ని వెదుకుతున్నాడో ప్రత్యేకంగా చెప్పనక్కరలేకపోయింది. ఏది ఉంచాలన్న నిర్ణయం ఆరు నెలల తరువాత ఎడిటింగులో జరిగింది. నిర్మాత మొదటిది కావాలన్నాడు, దర్శకుడు రెండోది ఉంచాడు. దానికి బదులుగా నిర్మాత అడిగిన ఇంకొక మార్పుకు దర్శకుడు తలవంచాడని తరువాత తెలిసింది. రాజుగారి సన్నివేశం నిడివి సగానికి తగ్గడం అందుకేనట.

సినిమా పూర్తయ్యాక నాకు అప్పగించిన చివరి పని, మొదట్లో తెరమీద పడే ప్రకటన రాయడం. "ఈ చిత్రంలో కొన్ని సన్నివేశాలు కల్పితం" అన్న మామూలు వాక్యం నాకు నచ్చక, ఏవి కీర్తనల నుంచి తీసుకున్నవో, ఏవి పెద్దల నోట విన్నవో, ఏవి మేము కల్పించినవో మూడు వాక్యాల్లో విడమరిచి రాశాను. అందుకు ఆధారంగా సన్నివేశాల జాబితా ఒకటి తయారుచేయమని దర్శకుడు అడిగాడు. మళ్ళీ గళ్ళు గీసుకుని కూర్చున్నాను, ఈసారి మూడు గళ్ళు. తిరుపతి తెర, రాజుగారి పిలుపు, ఇసుకలో వెదుకులాట, అన్నీ రెండో గడిలోకి వెళ్ళాయి. ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, నమ్మి చెప్పినవే అవన్నీ. మూడో గడిలోకి, ఏ పెద్దలూ చెప్పని, ఏ కీర్తనలోనూ లేని సన్నివేశం ఒక్కటే వచ్చింది. ధాన్యం లెక్క అడగడానికి వచ్చి గుమ్మంలో నిలబడిన అన్నగారు, ఐదోసారి వినిపించిన "సందుల దూరనేల". ఆ అంకె, 31, నా చేతితోనే రాశాను.

తెరమీద ఆ ప్రకటన నాలుగు సెకన్లు ఉంటుంది. మూడు వాక్యాలు అంతసేపట్లో చదవలేరని దానిని మళ్ళీ ఒక్క వాక్యానికి కుదించారు.